దారం తెంపని కుట్టు: అమెరికన్ అతుకుల బొంతల చరిత్రలో విడి అతుకు, వరుస అతుకు

వ్యాససంగ్రహం

చిన్న గుడ్డముక్కలను జతచేసి బొంత పైపొరను తయారుచేయడంలో రెండు పద్ధతులున్నాయి. ఒక గడిని పూర్తిచేశాకే మరో గడిని మొదలుపెట్టడం మొదటిది. ఒకే రకమైన జతలన్నింటినీ, మధ్యలో దారం తెంపకుండా, ఒకదాని వెనుక ఒకటిగా కుట్టుమిషనులోకి పంపడం రెండవది. రెండవది కేవలం వేగం కోసం ఏర్పడినదనీ, మిషను రాకతో దానంతట అదే వచ్చినదనీ భావించడం కద్దు. 19, 20 శతాబ్దాల అమెరికన్ క్విల్టుల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ భావనను పరిశీలిస్తుంది. ఈ రెండింటి భేదం వేగంలో కంటే, అవి కుట్టేవారి నుంచి కోరే గుడ్డలోను, కాలంలోను ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్విల్టు, బొంత, కుట్టుమిషను, గృహశ్రమ, స్త్రీల చరిత్ర, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట బొంత అనగానే పాతచీరలను పొరలుపొరలుగా పరచి, అంచు నుంచి అంచుకు చేతిసూదితో కుట్టిన పరుపుగుడ్డ గుర్తుకు వస్తుంది. అందులో పొరలను కలిపి ఉంచే కుట్టే ప్రధానం. అమెరికన్ క్విల్టులోనూ మూడు పొరలుంటాయి: పైపొర, నడుమ దూది, అడుగున అస్తరు. అయితే అక్కడ పైపొర తయారీయే ఒక ప్రత్యేకమైన పని. చతురస్రాలు, త్రిభుజాలు, పట్టీలుగా కత్తిరించిన ముక్కలను అతికి ఒక గడిని రూపొందిస్తారు. అటువంటి గడులను వరుసలుగా చేర్చితే పైపొర అవుతుంది. ఆ తరువాతే మూడు పొరలనూ కలిపి కుట్టడం. ఈ వ్యాసం పరిధి మొదటి దశకు, అంటే ముక్కల అతుకుకు మాత్రమే పరిమితం.

పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. దారం తెంపకుండా ముక్కలను వరుసగా కుట్టే పద్ధతికి ఇంగ్లీషు పేరులో గొలుసు అనే అర్థమున్న మాట ఉంది. దానిని గొలుసుకుట్టు అని అనువదిస్తే, తెలుగులో ఆ పేరుతో ఇప్పటికే స్థిరపడిన ఎంబ్రాయిడరీ కుట్టుతో గందరగోళం ఏర్పడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో దానిని 'వరుస అతుకు' అనీ, గడి తరువాత గడి పూర్తిచేసే పద్ధతిని 'విడి అతుకు' అనీ వ్యవహరిస్తున్నాను. వరుస అతుకు సూత్రం మనకు కొత్తది కాదు. లంగాలు, దిండు గలీబులు పెద్దమొత్తంలో కుట్టే దర్జీ ఒక కుట్టు ముగియగానే దారం తెంపకుండా తరువాతి గుడ్డను పాదం కిందికి జరపడం మన పట్టణాల్లోనూ చూడవచ్చు.

2. రెండు పద్ధతుల స్వరూపం

పద్ధతుల భేదాన్ని ఒక లెక్కతో స్పష్టపరచవచ్చు. తొమ్మిది చతురస్రాలతో, మూడు వరుసలుగా ఏర్పడే 'నైన్ ప్యాచ్' గడి క్విల్టులలోని సరళమైన గడులలో ఒకటి. ఒక్కొక్క వరుసలో మూడు ముక్కలను కలపడానికి రెండు కుట్లు కావాలి. మూడు వరుసలకు ఆరు. ఆ వరుసలను పరస్పరం చేర్చడానికి మరో రెండు. మొత్తం గడికి 8 కుట్లు. 36 గడుల బొంతకు 288 కుట్లు.

విడి అతుకులో ఈ 288 కుట్లలో ప్రతిదానికీ ఒక ఆరంభం, ఒక ముగింపు ఉంటాయి. ముక్కలు పాదం కింద పెట్టాలి, దారాల కొసలు పట్టుకోవాలి, కుట్టాలి, బయటికి లాగాలి, తెంపాలి. వరుస అతుకులో ఇదే పని నాలుగు విడతలుగా మారుతుంది. మొదటి విడతలో మొదటి, రెండవ ముక్కల 108 జతలు ఒకే దారంపై సాగిపోతాయి. రెండవ విడతలో వాటికి మూడవ ముక్కలు చేరతాయి. మూడవ విడతలో మొదటి రెండు వరుసలను కలిపే 36 కుట్లు, నాలుగవ విడతలో చివరి వరుసను చేర్చే 36 కుట్లు పూర్తవుతాయి. మిషను వెనుక నుంచి ముక్కలు మామిడాకుల తోరణంలా వేలాడుతూ వస్తాయి. నడుమనున్న దారపు తునకలను ఆ తరువాత తీరికగా కత్తిరించుకోవచ్చు.

దారం ఆదా కూడా తక్కువేమీ కాదు. మిషను కుట్టులో పైదారం, బాబిన్ దారం అని రెండుంటాయి. ఒక్కొక్క తెంపుకు రెండింటిలోనూ నాలుగేసి అంగుళాలు వృథా అవుతాయని లెక్క కోసం అనుకుంటే, 288 తెంపులకు 2,304 అంగుళాలు, అంటే 64 గజాల దారం పోతుంది. వరుస అతుకులో జతకూ జతకూ నడుమ వృథా అయ్యేది అరంగుళం లోపే.

ఈ లెక్కను బట్టి చూస్తే విడి అతుకుకు నిలిచే కారణమే లేదనిపిస్తుంది. అయినా అది నిలిచింది. పైగా దారం తెంపకుండా కుట్టగల మిషను అమెరికన్ ఇళ్లలోకి వచ్చిన తరువాత కూడా చాలాకాలం క్విల్టుల బోధనకు గడియే ప్రమాణంగా ఉండిపోయింది. దీనికి కారణాన్ని వెతకడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

3. గడి ప్రమాణంగా మారిన వైనం

గడి మిషను సృష్టి కాదు. 18వ శతాబ్దపు చివర, 19వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో ఒకే గుడ్డతో చేసిన క్విల్టులు, నడుమ ఒక పెద్ద బొమ్మ, దాని చుట్టూ అంచులపై అంచులు తీర్చిన క్విల్టులు ప్రముఖంగా కనిపిస్తాయి. అటువంటి కూర్పును పరచి చూసుకుంటూ పనిచేయాలి. 1840ల నాటికి ఒకే కొలతగల గడులను విడివిడిగా చేసి, చివర కలిపే తీరు విస్తరించింది. ఎలియాస్ హోవ్ కుట్టుమిషనుకు పేటెంటు పొందిన 1846కు ముందే ఈ మార్పు మొదలైనదని గమనించాలి.

గడి వల్ల రెండు సౌకర్యాలు కలిగాయి. మొదటిది, పని ఒడిలో ఇమిడింది. సూది, దారం, నాలుగు ముక్కలు ఉంటే చాలు. పొయ్యి మీద కుండ ఉన్నా, పక్కన పసిపిల్ల ఉన్నా, దొరికిన అరగంటలో ఒక కుట్టు ముందుకు సాగుతుంది. లేవవలసి వస్తే పని చెడదు. గృహశ్రమలో కాలం ముక్కలుముక్కలుగా దొరుకుతుంది. ఆ కాలానికి సరిపోయే కొలత గడి.

రెండవది, గడి మనుషుల మధ్య తిరగగలిగింది. 1840లలో ప్రాచుర్యం పొందిన ఆల్బమ్ క్విల్టులలో ఒక్కొక్క గడిని ఒక్కొక్కరు చేసి, దానిపై సంతకం చేసి ఇచ్చేవారు. ఊరు విడిచి పడమటికి వెళ్లే కుటుంబానికో, బదిలీపై వెళ్లే పాదిరికో అటువంటి క్విల్టులు కానుకలయ్యేవి. 1840ల మధ్య నుంచి 1850ల తొలి సంవత్సరాల వరకు మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో తయారైన ఆల్బమ్ క్విల్టులు ఈ కోవలో ప్రసిద్ధమైనవి. గడి ఇక్కడ కేవలం నిర్మాణాంగం కాదు. ఒక మనిషి గుర్తు.

ముద్రణ కూడా గడినే బలపరచింది. సెయింట్ లూయిస్ నగరంలో 1889లో మొదలైన లేడీస్ ఆర్ట్ కంపెనీ గడుల నమూనాలను సంఖ్యలతో సహా కేటలాగులో అమ్మింది. 'కాన్సాస్ సిటీ స్టార్' పత్రిక 1928 నుంచి 1961 వరకు క్విల్టు నమూనాలను ప్రచురించింది. పత్రికలో అచ్చయ్యేది ఒక గడి బొమ్మ. ఆ నమూనా మరచిపోకుండా ఒక్క గడి మాత్రం కుట్టి దాచుకోవడం స్త్రీలలో వాడుకగా ఉండేది. నమూనా అనే భావనే గడి రూపంలో స్థిరపడిన తరువాత, బొంతను గడి గడిగా ఊహించడం, గడి గడిగా కుట్టడం ఒకదానినొకటి పోషించుకున్నాయి.

4. మిషను వచ్చింది, పని కొలత మారలేదు

హోవ్ 1846 నాటి మిషనులో గుడ్డను సూదిమొనలున్న ఒక లోహపు పలకకు తగిలించేవారు. ఆ పలక పొడవు మేరకే కుట్టు సాగేది. పలక చివరికి చేరాక గుడ్డను విప్పి మళ్లీ తగిలించాలి. అంటే తొలి మిషనులో ఎడతెగని కుట్టుకు అవకాశమే లేదు. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన యంత్రం, అలెన్ విల్సన్ 1854లో పేటెంటు పొందిన, గుడ్డను కింది నుంచి పళ్లతో ముందుకు జరిపే విధానం ఆ అడ్డంకిని తొలగించాయి. వరుస అతుకుకు కావలసిన యాంత్రిక సౌలభ్యం అప్పటికే సిద్ధమైంది.

ధర విషయంలోనూ మార్గం ఏర్పడింది. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టాడు. మగవారి చొక్కాకు చేతికుట్టులో పద్నాలుగు గంటలకు పైగా, మిషనుపై గంటంబావు పడుతుందని 1860ల నాటి ప్రచార పట్టికలు చాటాయి. మిషను ఇంట్లో ఉండడం గౌరవచిహ్నమైంది. 19వ శతాబ్దపు క్విల్టులలో కంటికి కనిపించేలా వేసిన మిషను కుట్టుపై సూయెలెన్ మేయర్ 1989లో 'అన్‌కవరింగ్స్' వార్షిక సంచికలో ప్రచురించిన అధ్యయనం ఈ దృక్కోణానికి ముఖ్యమైనది. మిషను కుట్టును దాచుకోవలసిన లోపంగా కాక, చూపించుకోదగిన ఘనతగా ఆనాటి వారు భావించారని అటువంటి క్విల్టులు తెలుపుతాయి. చేతికుట్టే అసలైన సంప్రదాయం, మిషను తరువాతి కల్తీ అనే అభిప్రాయం నిలవదు. అమిష్ సమాజపు స్త్రీలు విద్యుత్తును దూరంగా ఉంచినా, కాలితో తొక్కే మిషనుపై ముక్కలు అతికి, పొరలను మాత్రం చేతితో కుట్టేవారు.

కాబట్టి చేతికుట్టు, మిషను కుట్టు అనే విభజన వేరు. విడి అతుకు, వరుస అతుకు అనే విభజన వేరు. మిషనుపైనా గడి గడిగా కుట్టవచ్చు. మిషను ఉండీ వరుస అతుకు గృహాలలో బోధనాపద్ధతిగా ఎదగకపోవడానికి మూడు కారణాలు చెప్పవచ్చు.

ఒకటి, గుడ్డ. వరుస అతుకుకు ఒకే కొలత ముక్కలు పెద్దసంఖ్యలో ముందే సిద్ధంగా ఉండాలి. దుస్తులు కుట్టగా మిగిలిన పేలికలు, చిరిగిన బట్టలలోని మంచి భాగాలు అలా ఒకేసారి దొరకవు. ఈ నెల నాలుగు గడులకు సరిపడా గుడ్డ పోగైతే నాలుగు గడులే తయారవుతాయి. రెండు, కత్తిరింపు. అట్టతోనో రేకుతోనో చేసిన అచ్చు పెట్టి, పెన్సిలుతో గీసి, కత్తెరతో ఒక్కొక్క ముక్కను కత్తిరించే దశలో, కుట్టులో మిగిలే సమయం మొత్తం శ్రమలో చిన్నభాగమే. మూడు, కాలం. 108 జతలను ఒక్క విడతలో కుట్టాలంటే మిషను తెరచి ఉండాలి, బల్ల ఖాళీగా ఉండాలి, కొన్ని గంటలు ఎవరూ పిలవకుండా ఉండాలి. ఈ మూడవది అన్నింటికంటే అరుదైనది.

5. కుట్టి కత్తిరించిన వారు: సెమినోల్ పట్టీలు

పై వివరణకు ఫ్లోరిడాలోని సెమినోల్ స్త్రీల పని మంచి పరీక్ష. వారు 20వ శతాబ్దపు రెండవ, మూడవ దశకాలలో చేతితో తిప్పే కుట్టుమిషన్లపై ఒక కొత్త అతుకు పనిని అభివృద్ధి చేశారు. అది బొంతల కోసం కాదు, దుస్తుల కోసం. రంగురంగుల పొడవాటి పట్టీలను ముందు నిలువునా కలిపి కుడతారు. ఆ అతుకు గుడ్డను అడ్డంగా సన్నని ముక్కలుగా కత్తిరిస్తారు. ఆ ముక్కలను కొంచెం జరిపి లేదా ఏటవాలుగా చేర్చి మళ్లీ కుడతారు. కత్తిరించి కుట్టే క్రమం ఇక్కడ కుట్టి కత్తిరించే క్రమంగా మారింది.

చిన్న ముక్కను పట్టుకొని కుట్టే అవసరమే లేకుండా, అతి సన్నని నమూనాలు దీనితో సాధ్యమయ్యాయి. వర్తకుల దుకాణాలలో తానులుగా దొరికే నూలుగుడ్డ దీనికి ఆధారం. పేలికలతో ఈ పద్ధతి సాగదు. పొడవాటి పట్టీ కావాలి. అంటే ఎడతెగని కుట్టుకు ఎడతెగని గుడ్డ తోడుకావాలన్న సూత్రం ఇక్కడ రుజువవుతున్నది. విద్యుత్తు మిషను గానీ, విశేషమైన పరికరాలు గానీ అందుకు తప్పనిసరి కాలేదు.

6. ఒకే నమూనా, రెండు చరిత్రలు: లాగ్ క్యాబిన్

రెండు పద్ధతుల అంతరాన్ని 'లాగ్ క్యాబిన్' నమూనా ఎంతో స్పష్టంగా చూపుతుంది. నడుమ ఒక చిన్న చతురస్రం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు పట్టీలు, ఒక మూలకు లేతరంగులు, ఎదుటి మూలకు ముదురురంగులు ఉండే ఈ గడి 1860ల నుంచి విస్తృతంగా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో దీనిని సాధారణంగా ఒక ఆధారపు గుడ్డపై నిర్మించేవారు. నడిమి ముక్కను ఆధారంపై పెట్టి, ఒక్కొక్క పట్టీని చేర్చి కుట్టి, తిరగేసి పరుస్తారు. పట్టీల వెడల్పు ఎగుడుదిగుడుగా ఉన్నా, ఉన్ని పక్కన పట్టు వచ్చినా, ఆధారపు గుడ్డ అన్నింటినీ అదుపులో ఉంచుతుంది. ప్రతి పట్టీ దగ్గర ఒక నిర్ణయం ఉంటుంది: ఇప్పుడు ఏ రంగు? అందువల్ల ఒకే క్విల్టులో ఏ రెండు గడులూ ఒకేలా ఉండనక్కరలేదు.

1970లలో ఈ నమూనా మరో రూపం ధరించింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం క్విల్టులను చిత్రకళతో సమానంగా గోడలపై ప్రదర్శించింది. 1976 నాటి అమెరికన్ స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు పాత గృహకళలపై ఆసక్తిని పెంచాయి. బయట ఉద్యోగాలు చేస్తున్న స్త్రీల సంఖ్య పెరిగిన కాలం కూడా అదే. నేర్చుకోవాలన్న కోరిక ఉంది; సాయంత్రాలు, సెలవుదినాలు తప్ప సమయం లేదు. బార్బరా జొహానా 'క్విక్ క్విల్టింగ్' 1976లో వెలువడింది. ముక్కలుగా కత్తిరించకముందే కుట్టే మార్గాలను ఆమె ప్రచారం చేశారు. ఎలినార్ బర్న్స్ 1978లో లాగ్ క్యాబిన్‌పైనే 'మేక్ ఎ క్విల్ట్ ఇన్ ఎ డే' అనే పుస్తకం ప్రచురించారు. ఒక్కరోజులో క్విల్టు అనేదే ఆ శీర్షిక ఇచ్చే హామీ.

ఈ కొత్త విధానంలో ఆధారపు గుడ్డ తొలగిపోయింది. పొడవాటి పట్టీని మిషనుపై పరచి, దానిపై నడిమి ముక్కలను ఒకదాని వెనుక ఒకటిగా పెట్టుకుంటూ కుట్టుకుపోతారు. తరువాత వాటిని విడదీసి, ఇస్త్రీ చేసి, రెండవ పట్టీపై మళ్లీ వరుసగా పెడతారు. అన్ని గడులూ కలిసి ఒకేసారి ఒక్కొక్క చుట్టు పెరుగుతాయి. ఆధారపు గుడ్డ చేసే సర్దుబాటు ఇక లేదు గనుక, కొలత అంతా పట్టీ వెడల్పులోను, పావు అంగుళం కుట్టు అంచులోను ఇమిడిపోయింది. 1979లో జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ తెచ్చిన గుండ్రని తిరిగే బ్లేడు కత్తి, గీతల చాప, పారదర్శకమైన స్కేలు తోడయ్యాక, గుడ్డను పలుమడతలు పెట్టి ఒకే కోతతో పట్టీలు తీయడం సులభమైంది. 19వ శతాబ్దంలో అడ్డుపడిన కత్తిరింపు ఈ దశలో దారి ఇచ్చింది.

ఫలితం వేగం ఒక్కటే కాదు. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క గుడ్డ నిర్ణయమైంది. ఏ గుడ్డ ఎన్ని గజాలు కావాలో ముందే లెక్కవేసి దుకాణంలో కొనడం మొదలైంది. పట్టీ పట్టీకి జరిగే నిర్ణయం కుట్టు బల్ల నుంచి దుకాణపు బల్లకు మారింది. కుట్టేటప్పుడు ఆలోచించవలసిన పని కొనేటప్పుడే ముగుస్తున్నది.

దీనిని నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. ముక్కలుగా దొరికే కాలం గృహిణిది. వారానికొకసారి దొరికే నిండు మధ్యాహ్నం ఉద్యోగినిది. వరుస అతుకు రెండవ రకం కాలానికి తగిన ఉపాయం. అది లేకపోతే ఎందరో ఈ పనికి దూరంగానే ఉండిపోయేవారు.

7. విపణి, ఏకరూపత

పద్ధతిని ఎవరు ఎన్నుకుంటారన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. 1966లో అలబామా రాష్ట్రంలోని విల్కాక్స్ కౌంటీలో నల్లజాతి స్త్రీలు 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. పౌరహక్కుల ఉద్యమకాలంలో వారికది జీవనాధారం. న్యూయార్క్ దుకాణాలకు పంపే క్విల్టులు ఒకేలా ఉండాలి, కొలత తప్పకూడదు. 1972లో సియర్స్ సంస్థతో కార్డురాయ్ దిండు గలీబుల ఒప్పందం కుదిరింది. ఒకే వస్తువును వందలసార్లు కుట్టే పని అది.

ఆ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలు సమీపంలోని గీస్ బెండ్ ఇళ్లకు చేరి, ఎవరి ఊహకు తగ్గట్టు వారు కూర్చిన బొంతలయ్యాయి. ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ లలితకళా మ్యూజియంలోను, తరువాత విట్నీలోను ప్రదర్శితమై ప్రశంసలు పొందాయి. ఒకే ఊళ్లలో, ఒకే గుడ్డతో, విపణికి ఏకరూపత, ఇంటికి స్వేచ్ఛ అన్న రెండు క్రమాలు పక్కపక్కనే నడిచాయి. వరుసగా కుట్టేవారికి ఊహ లేదనీ, విడిగా కుట్టేవారికి నైపుణ్యం లేదనీ చెప్పే తీర్పులు రెండూ ఈ ఉదాహరణ ముందు నిలవవు.

8. వస్తువును చదవడం

పూర్తయిన క్విల్టు తన పద్ధతిని దాచుకుంటుంది. అతుకుల వెనుకభాగం అస్తరు కింద ఉండిపోతుంది. అందువల్ల పరిశోధకులకు పొరలు చేర్చని పైపొరలు, మిగిలిపోయిన విడిగడులు విలువైన ఆధారాలు. పరిశీలనలో మూడు జాడలను గమనించవచ్చని ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, కుట్టు కొసలు. పొడవాటి దారపు తోకలు, ముడులు, వెనక్కి వేసిన కుట్లు విడి అతుకును సూచిస్తాయి. ముక్క అంచువరకూ వచ్చి, పొట్టిగా తెగిన కొసలు వరుస అతుకును సూచిస్తాయి. రెండవది, దారపు రంగు మార్పు. విడి అతుకులో దారం అయిపోయి మరో రంగు ఎక్కించినప్పుడు ఆ మార్పు తరచుగా గడికీ గడికీ మధ్య కనిపిస్తుంది. వరుస అతుకులో అది ఒకే దశకు చెందిన కుట్లలో, కొన్ని గడులకు ఒక రంగు, మిగిలిన వాటికి మరో రంగుగా కనిపించాలి. మూడవది, పొరపాటు. విడి అతుకులో పొరపాటు ఒక గడికే పరిమితం. వరుస అతుకులో జత తిరగబడితే అది విడత అంతటా పునరావృతమవుతుంది. ఇవి సూచనలే గాని, ఏ ఒక్కటీ ఒంటరిగా రుజువు కాజాలదు.

పొరపాటుకున్న ఈ వ్యాప్తి వల్లనే, వరుస అతుకు వేసేవారు ముందుగా ఒక్క గడిని విడిగా కుట్టి సరిచూసుకుంటారు. అంటే వరుస అతుకు గర్భంలో విడి అతుకు ఉంది. దీనికి విలోమం కూడా ఉంది. వరుస చివర దారం తెంపడానికి బదులు రెండు చిన్న పేలికలను కుట్టి ముగించడం, అలా పోగైన జతలతో మరో బొంత తయారుచేయడం బానీ హంటర్ 2010 నాటి పుస్తకంతో బహుళ ప్రచారం పొందిన విధానం. ఒక బొంత గడియారం ప్రకారం నడుస్తుండగా, దాని అంచుల్లో మరో బొంత పేలికల లెక్కన పెరుగుతుంది.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలివి. గడి కుట్టుమిషనుకు ముందే ఏర్పడింది. ఎడతెగని కుట్టుకు యంత్రం 1850లలోనే సిద్ధమైనా, గృహాలలో వరుస అతుకు బోధనాపద్ధతిగా స్థిరపడినది 1970లలో. నడుమనున్న కాలాన్ని అజ్ఞానంతోనో, సంప్రదాయంపై మమకారంతోనో వివరించలేము. ఒకే రకం గుడ్డ, వేగవంతమైన కత్తిరింపు, అంతరాయం లేని కొన్ని గంటలు ఒకచోట చేరినప్పుడే ఆ పద్ధతి నిలదొక్కుకున్నది. సాంకేతిక చరిత్రలో యంత్రం పుట్టిన సంవత్సరం కంటే, అది కోరే పరిస్థితులు ఎవరికి ఎప్పుడు దొరికాయన్నది ముఖ్యమైన ప్రశ్న.

ఈ దృష్టి మన బొంతల అధ్యయనానికీ ఉపకరిస్తుంది. తెలుగు ఇళ్లలోని బొంతలను నమోదు చేసేటప్పుడు రంగులు, కొలతలతో సరిపెట్టక, అడుగుభాగాన్ని, దారపు కొసలను, కుట్టు ఆగి మళ్లీ మొదలైన చోట్లను కూడా ఫొటో తీసి భద్రపరచడం అవసరం. ఎన్ని పూటలలో, ఎన్ని అంతరాయాల నడుమ ఆ పని సాగిందో చెప్పగలిగే ఆధారం చాలా ఇళ్లలో అదొక్కటే. కుట్టిన స్త్రీలలో ఎక్కువమంది తమ పేరు ఎక్కడా రాసుకోలేదు. వారి కాలానికి లెక్క మాత్రం దారంలో మిగిలింది.